కదిలితే నొప్పి, కదలకపోతే మరింత నొప్పి: ఫైబ్రోమయాల్జియాలో వ్యాయామం

సభకు నమస్కారం.

ఏటా మే 12ను ఫైబ్రోమయాల్జియా అవగాహన దినంగా పాటిస్తున్నారు. ఒళ్ళంతా నెలల తరబడి నొప్పులు, వాటికి తోడు అలసట, సరిగా పట్టని నిద్ర ఉండే జబ్బు ఇది. ఈ జబ్బు గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పాలంటే ఒక పూట చాలదు కనుక, నిర్వాహకులతో ముందే మాట్లాడుకుని, ఫిజియోథెరపిస్టుగా నాకు రోజూ ఎదురయ్యే ఒక్క ప్రశ్నకే ఈ ప్రసంగాన్ని పరిమితం చేసుకున్నాను. "డాక్టరుగారేమో వ్యాయామం చెయ్యమన్నారు, చేస్తే ఒళ్ళంతా పచ్చిపుండవుతోంది, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నదే ఆ ప్రశ్న. అందులో కొంత నిష్ఠూరం కూడా ఉంటుంది. ఆ నిష్ఠూరం న్యాయమైనదే.

డాక్టరుగారి మాట తప్పు కాదని ముందుగా చెప్పాలి. కీళ్ళ, కండరాల జబ్బులు చూసే వైద్యుల సంఘాల ఐరోపా సమాఖ్య 2017లో ఫైబ్రోమయాల్జియా చికిత్సలన్నిటినీ పరిశీలించి సిఫారసులు ప్రకటించినప్పుడు, మందులతో సహా ఎన్నో పద్ధతులకు బలహీనమైన సిఫారసు మాత్రమే ఇచ్చి, వ్యాయామం ఒక్కదానికే బలమైన సిఫారసు ఇచ్చింది. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష అదే ఏడాది వెలువడింది. అది 839 మంది పాల్గొన్న 13 ప్రయోగాలను కలిపి చూసి, నడక, సైకిలు వంటి వ్యాయామాల వల్ల జీవన నాణ్యత మెరుగుపడుతుందనీ, నొప్పి కూడా కొంత తగ్గవచ్చుననీ తేల్చింది. ఆ "కొంత" అన్న మాటను నేను దాచను. వ్యాయామంతో నొప్పి మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రోజు గడవడం తేలికవుతుంది, నిద్ర కొంచెం కుదురుతుంది, మెట్లెక్కే ఓపిక వస్తుంది. అంతవరకు నేను ధైర్యంగా చెప్పగలను.

చిక్కంతా ఆ సలహా చీటీ మీదికి ఎక్కే తీరులో ఉంది. "రోజూ అరగంట నడవండి" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఆ చీటీ అందుకున్న ఆవిడ మర్నాడే అరగంట నడుస్తారు. ఆ రోజు హాయిగానే ఉంటుంది. రెండో రోజు పిక్కలు, తొడలు సలుపుతాయి. మూడో రోజు మంచం దిగడమే గగనమవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "బద్ధకం" అంటారు, ఆవిడేమో "నా ఒంటికి వ్యాయామం పడదు" అనుకుంటారు. ఈ రెండు తీర్పులూ తప్పే, ఎందుకంటే ఆవిడ ఒంటికి పడనిది వ్యాయామం కాదు, మొదటి రోజే వేసుకున్న ఆ మోతాదు. రక్తపోటు మాత్రను ఎవరికి ఎన్ని మిల్లీగ్రాములో చూసి రాసే మనం, వ్యాయామాన్ని మాత్రం అందరికీ ఒకే కొలతతో రాసేస్తున్నాం.

అసలు కదిలినప్పుడు ఈ నొప్పి ఎందుకు పెరుగుతుందో కాస్త వివరంగా చూద్దాం. ఆరోగ్యవంతులు ఒక కండరాన్ని బిగించి కొంతసేపు పనిచేయిస్తే, ఆ కండరంలో నొప్పిని తట్టుకునే హద్దు ఆ కాసేపూ పెరుగుతుంది. మెదడూ వెన్నుపామూ కలిసి నొప్పి సంకేతాలను అణచిపెడతాయి. పొలం పనిలో ఉన్న రైతు కాలికి దెబ్బ తగిలినా పని అయ్యాక గాని గమనించకపోవడంలో ఈ ఏర్పాటుకూ పాత్ర ఉంది. స్వీడన్‌లో ఎవా కొసెక్ బృందం 1996లో ఫైబ్రోమయాల్జియా ఉన్న స్త్రీల తొడ కండరం మీద ఇదే పరీక్ష చేసినప్పుడు ఫలితం తలకిందులైంది: కండరం బిగించి ఉంచినకొద్దీ ఆరోగ్యవంతులలో పెరిగిన ఆ హద్దు, వీరిలో తగ్గిపోయింది. అంటే వ్యాయామం మనందరికీ ఇచ్చే సహజమైన ఉపశమనం వీరికి అందకపోగా, అదే సమయంలో నొప్పి పదునెక్కుతోంది. 2002లో అమెరికాలో రిచర్డ్ గ్రేస్‌లీ బృందం మెదడు స్కానింగులో చూసినదీ దీనికి సరిపోతుంది. చేతి బొటనవేలి గోటి మీద ఆరోగ్యవంతులకు నొప్పి పుట్టించడానికి కావలసినంత ఒత్తిడి వీరికి అక్కర్లేదు. అంతకంటే చాలా తక్కువ ఒత్తిడికే వీరి మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు అదే స్థాయిలో స్పందించాయి. ఈ మైకు వాల్యూమ్ పూర్తిగా పెంచితే నా మాటే కాదు, నేను కాగితం తిప్పిన చప్పుడు కూడా మీ చెవులు హోరెత్తిస్తుంది. వీరి నాడీవ్యవస్థలో జరుగుతున్నది అలాంటిదే.

దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి, రెండిటినీ ఒకేసారి గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, నడిచినప్పుడు కలిగే ఆ నొప్పి కండరం చిరిగిందనో కీలు అరిగిందనో చెప్పే గుర్తు కానక్కర్లేదు కనుక భయపడి కదలిక మానేయనక్కర్లేదు. రెండవది, ఆ నొప్పి నూటికి నూరుపాళ్ళు నిజమైనది. పంటి బిగువున భరిస్తూ ముందుకు పోతే, ఒకదాని వెంట ఒకటిగా చేరే సంకేతాలను వెన్నుపాము ఇంకా పెద్దవి చేసి పంపుతుంది. కాబట్టి "నొప్పి వచ్చినా ఆగకు" అనే జిమ్ము సూత్రాన్ని ఇక్కడికి తీసుకురాకూడదు.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆ నొప్పులు నిజంగా ఫైబ్రోమయాల్జియావేనా అని ఒకసారి చూపించుకోవడం అవసరం, మన ప్రాంతంలో మరీ అవసరం. 2005–06లో ఆంధ్రప్రదేశ్‌ను చుట్టబెట్టిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి కీళ్ళ నొప్పులు మిగిలిపోయాయి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగినవారికి ఎముకలు బిగుసుకుపోయి నొప్పులు వస్తాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, విటమిన్ డి బాగా పడిపోయినా, కొలెస్ట్రాల్ కోసం వాడే స్టాటిన్ మాత్రల వల్ల కూడా ఒళ్ళు నొప్పులు రావచ్చు. ఒకప్పుడు 1990 నాటి ప్రమాణాల ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి, అందులో కనీసం 11 చోట్ల నొప్పి ఉంటేనే ఫైబ్రోమయాల్జియా అనేవారు. 2010 నుంచి ఆ లెక్క పోయి, నొప్పి ఎన్ని భాగాలకు వ్యాపించింది, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి అన్నవి చూస్తున్నారు. కీలు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఒక చేయి లేదా కాలు బలం కోల్పోతున్నా, నడుస్తుంటే గుండెల్లో పట్టేసినట్టు ఉన్నా అది నేను చెప్పబోయే విషయాల పరిధిలోకి రాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక మోతాదు సంగతి. మొదటి వారం నేను ఎవరికీ వ్యాయామం చెప్పను, నోటుపుస్తకం తెచ్చుకోమంటాను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏ పని ఎంతసేపు చేశారు, దాని తర్వాత నొప్పి సున్నా నుంచి పది మధ్య ఎంత అని రాయమంటాను. ఆ పుస్తకం తెరిస్తే చాలామంది విషయంలో ఒకటే కనిపిస్తుంది: ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉన్న రోజున వారం రోజుల పనంతా మీద వేసుకుంటారు, తర్వాత రెండు మూడు రోజులు పడకేస్తారు. సంక్రాంతి ముందు ఇల్లు దులపడం దీనికి అసలైన ఉదాహరణ. బూజుకర్ర పట్టుకుని చేతులు తలపైకి ఎత్తి గంటసేపు నిలబడటం, బకెట్లు మోయడం, దుప్పట్లు పిండటం, వంగి నేల తుడవటం అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే, ఏ జిమ్ములోనూ అంత కఠినమైన కసరత్తు ఉండదు. "ఇంటి పని చేస్తున్నాను కదా, వేరే వ్యాయామం ఎందుకు?" అని అడిగేవారికి నేను చెప్పేదేమంటే, ఇంటి పని మోతాదు మీ చేతిలో ఉండదు, వ్యాయామం మోతాదు మీ చేతిలో ఉంటుంది. అయితే రెండింటినీ కలిపే లెక్క వేసుకోవాలి; దుప్పట్లు ఉతికిన రోజున నడక సగానికి తగ్గించాలి.

నోటుపుస్తకం చూశాక మొదటి మోతాదు తేలుతుంది. బాగాలేని రోజున కూడా ఎంతసేపు నడిస్తే నొప్పి పెద్దగా పెరగదో, అందులోంచి ఇంకా కాస్త తగ్గించి అక్కడ మొదలుపెట్టాలి. ఎక్కువమందికి అది అయిదు నిమిషాలుంటుంది, కొందరికి మూడే. అయిదు నిమిషాలంటే నవ్వుతారు. నవ్వినా ఫర్వాలేదు, ఆ అయిదు నిమిషాలను ఓపిక బాగున్న రోజున పదిహేను చేయకుండా ఉండటమే అసలు కష్టం. తర్వాత రెండు వారాలపాటు నొప్పి అదుపులో ఉంటే ఒక నిమిషమో, ఉన్నదానిలో పదోవంతో పెంచాలి. ఒకసారి చేసేదాని పొడవు పెంచే ముందు రోజుకు రెండుసార్లు చేయడం మేలు, వేగం పెంచడం అన్నిటికంటే చివరిది. ఇలా పోతే వారానికి రెండు మూడు రోజులు ఇరవై నుంచి ముప్ఫై నిమిషాల నడకకు చేరడానికి కొన్ని నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

మోతాదు సరిపోయిందా లేదా అని ఎప్పుడు తేల్చుకోవాలి? వ్యాయామం అయిపోయిన వెంటనే మాత్రం కాదు. అలవాటు లేని కండరానికి పని చెప్తే ఆ సలుపు సాధారణంగా 24 గంటలలోపు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య తారస్థాయికి చేరడం ఆరోగ్యవంతులకూ ఉన్నదే. ఫైబ్రోమయాల్జియా ఉన్నవారికి అది మరింత గట్టిగా తెలుస్తుంది. అందుకే తీర్పు మర్నాడూ, ఆ మర్నాడూ చూసి ఇవ్వాలి. నేను పాటించే లెక్క ఇది: వ్యాయామంలో నొప్పి అంతకుముందున్న అంకె కంటే రెండు అంకెలకు మించి పెరగకూడదు, పెరిగినది మర్నాటి అదే వేళకు దిగిపోవాలి. దిగితే మోతాదు సరైనది. దిగకపోతే, చేస్తున్నంతసేపు ఎంత హాయిగా ఉన్నా సరే, అది ఎక్కువైనట్టే.

ఇప్పటిదాకా చెప్పింది ఎంత చెయ్యాలన్నది. ఎలా చెయ్యాలన్నదాని మీద కూడా ఆ సమయంలో వచ్చే నొప్పి చాలా ఆధారపడి ఉంటుంది. మొదలుపెట్టేముందు వేడినీళ్ళ స్నానం చేస్తే, లేదా మెడ, భుజాలు, నడుము మీద వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుంటే బిగుతు సడలుతుంది. మొదటి కొద్ది నిమిషాలు కూర్చునే చీలమండలు, మోకాళ్ళు, భుజాలు నెమ్మదిగా తిప్పుతూ, తర్వాత లేచి ఇంట్లోనే మెల్లగా తిరుగుతూ ఒళ్ళు వేడెక్కనివ్వాలి. వేగం విషయంలో, నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితే సరైన వేగమని అందరికీ చెబుతారు. వీరికి మొదటి రెండు నెలలూ నేను ఇంకో మెట్టు దించి, నడుస్తూ కూనిరాగం తీయగలిగేంత నెమ్మదిగా వెళ్ళమంటాను. ఎవరి వేగం వారిని ఎంచుకోమన్నప్పుడు ఫైబ్రోమయాల్జియా ఉన్న స్త్రీలు తక్కువ తీవ్రతనే ఎంచుకుంటారనీ, ఆ సమయంలో వారికి నొప్పి తక్కువగా ఉంటుందనీ అధ్యయనాలలో కనిపించింది. పక్కింటావిడతో కలిసి నడవడం మంచిదే, ఆవిడ వేగానికి పరిగెత్తడం మంచిది కాదు.

కండరానికి బలం పెంచే వ్యాయామాల్లో రెండు రకాల కదలికలు ఎక్కువ నొప్పి తెస్తాయి. ఒకటి, కదలకుండా బిగించి ఉంచడం. కొసెక్ పరీక్షలో జరిగినది అదే. యోగాసనంలో భంగిమ పట్టి నిముషాలు లెక్కపెట్టడం, కూరగాయల సంచి వేలాడేసుకుని బస్సు కోసం నిలబడటం, తడి దుప్పటి పిండటం ఈ కోవకే వస్తాయి. రెండోది, కండరం సాగుతూ బరువు మోసే దశ. మెట్లు దిగడం, ఎత్తిన బరువును నెమ్మదిగా దించడం, గొంతుకూర్చోవడం లాంటివి. మర్నాటి సలుపు ఎక్కువగా ఈ దశ వల్లే వస్తుంది.

కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం తీసుకుని దీన్ని చూపిస్తాను. ఈ కుర్చీ సీటు మీద మడతపెట్టిన బొంత ఒకటి వేశాను, ఎత్తు పెరిగితే తొడల మీద భారం తగ్గుతుంది. ముందుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి పెట్టి, ఒంటిని ముందుకు వంచి, ఊపిరి వదులుతూ లేవాలి. లేవడం సొంత బలంతో చెయ్యవచ్చు, కానీ కూర్చునేటప్పుడు మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని సగం బరువు వాటి మీద వేసి దిగాలి, ఎందుకంటే ఆ దిగడమే తొడ కండరం సాగుతూ బరువు మోసే దశ. మూడుసార్లు లేచి ఆగాలి. ఒక నిమిషం తొడలకు విశ్రాంతినిస్తూ, ఆ వ్యవధిలో చేతులు భుజాల ఎత్తుకు మించకుండా లేపి దించడం లాంటి వేరే కండరాల పని చేసుకోవచ్చు. మళ్ళీ మూడు. కొత్తలో అంతే చాలు. పదిసార్లు వరుసగా చేయడంకంటే మూడు మూడుగా విడగొట్టి చేస్తే, అదే పని తక్కువ నొప్పితో అయిపోతుంది. కొన్ని వారాల తర్వాత బొంత తీసెయ్యాలి, ఆ తర్వాత చేతుల ఊతం మానాలి. రెండూ ఒకే వారంలో మాత్రం వద్దు.

ఇలా మొదలైనవారు ఎప్పటికీ తేలికపాటి పనికే పరిమితం కానక్కర్లేదు. 2015లో స్వీడన్‌లో 130 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగంలో, ఒక బృందానికి వారానికి రెండు రోజుల చొప్పున 15 వారాలపాటు బరువులతో శిక్షణ ఇచ్చారు. వారు మోయగలిగిన గరిష్ఠ బరువులో 40 శాతంతో మొదలుపెట్టి, ఎవరికి వారు ఫిజియోథెరపిస్టుతో మాట్లాడుకుంటూ, మెల్లగా 80 శాతం దాకా పెంచుకున్నారు. కాళ్ళ బలం పెరిగింది, నొప్పి తగ్గింది. 40తో మొదలుపెట్టడం వల్లే 80 సాధ్యమైందని నా అభిప్రాయం.

వ్యాయామ సమయంలోనే నొప్పిని తగ్గించే సాధనాల్లో ఎక్కువసేపు చెప్పదగినది టెన్స్ యంత్రం. అరచేతిలో ఇమిడే డబ్బా, దాన్నుంచి వైర్లు, వాటి చివర చర్మానికి అతికే ప్యాడ్‌లు. స్వల్ప విద్యుత్తు ప్రకంపనలతో పెద్ద నరాలను ప్రేరేపించి, మెదడు కింది భాగంలోనూ వెన్నుపాములోనూ నొప్పిని అణచే వ్యవస్థను ఇది పనిచేయిస్తుంది. ఆ వ్యవస్థే వీరిలో బలహీనంగా ఉందని ఇందాక చెప్పాను కనుక, ఈ జబ్బుకు టెన్స్ ఎందుకు పనికొస్తుందో ఊహించవచ్చు. అమెరికాలో అయోవా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 301 మంది స్త్రీలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఒక బృందం అసలైన టెన్స్, ఒక బృందం నకిలీ టెన్స్ వాడగా, మూడో బృందం ఏదీ వాడలేదు. రోజుకు రెండు గంటలు, పడుకుని ఉన్నప్పుడు కాకుండా పనిచేసుకుంటూ తిరుగుతున్నప్పుడు, నాలుగు వారాలు వాడమన్నారు. అసలైన యంత్రం వాడినవారిలో కదిలేటప్పటి నొప్పి మిగిలిన రెండు బృందాలకంటే తగ్గింది. తమ పరిస్థితి మెరుగైందని చెప్పినవారు వీరిలో 70 శాతం, నకిలీ యంత్రం వాడినవారిలో 31 శాతం, ఏమీ వాడనివారిలో 9 శాతం. నకిలీ యంత్రానికి కూడా 31 శాతం వచ్చిందని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఒప్పుకుంటాను. నమ్మకానికీ కొంత పాత్ర ఉంది, మిగిలిన తేడా యంత్రానిది.

ఇక్కడ చాలాచోట్ల టెన్స్ వాడే తీరుకూ ఆ ప్రయోగంలో వాడిన తీరుకూ పోలిక లేదు. క్లినిక్కులో బోర్లా పడుకోబెట్టి, పది పదిహేను నిమిషాలు సన్నగా గిలిగింతలు పెట్టినట్టు నడిపి తీసేస్తారు. ప్రయోగంలో ఒక జత ప్యాడ్‌లు మెడ వీపును కలిసే చోట, ఒక జత నడుము మీద పెట్టి, తట్టుకోగలిగినంత గట్టిగా విద్యుత్తు పెంచుకోమన్నారు. బలంగా తెలియాలి, మంటా పోటూ ఉండకూడదు. శరీరం ఒకే తరహా ప్రకంపనకు అలవాటుపడి స్పందించడం మానేస్తుంది కనుక, ప్రకంపనల వేగం మారుతూ ఉండే అమరిక వాడారు. నేనైతే నడకకు అరగంట ముందు పెట్టుకుని, నడుస్తున్నంతసేపు ఉంచుకుని, తర్వాత కూడా కొంతసేపు ఉంచమంటాను. పేస్‌మేకర్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. గొంతు మీద, గాయం మీద, స్పర్శ తెలియని చోట ప్యాడ్‌లు అతికించకూడదు.

గోరువెచ్చని నీళ్ళలో వ్యాయామం చాలామందికి హాయినిస్తుంది. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు మూడోవంతుకు దగ్గరగా తగ్గిపోతుంది, నీటి వెచ్చదనం కండరాలను సడలిస్తుంది. కానీ అలాంటి వేడినీటి కొలనులు మన ఊళ్ళలో ఎక్కడున్నాయి? ఉన్న ఈతకొలనుల నీళ్ళు చల్లగా ఉండి వీరికి బిగుతు పెంచుతాయి. కాబట్టి ఆ సలహా దొరికినవారికి వరం, దొరకనివారు బెంగపడవలసినది కాదు. చైనావారి తాయ్ చీ అనే నెమ్మదైన కదలికల సాధనను బోస్టన్‌లో 226 మంది మీద పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, అది మామూలు ఏరోబిక్ (గుండె, ఊపిరి వేగం పెంచే) వ్యాయామానికి సమానంగానో అంతకు మించో మేలు చేసింది. తాయ్ చీ నేర్పేవారు దొరక్కపోయినా, అందులో ఉన్న గుణం మనకూ అందుబాటులో ఉన్నదే: ఆగకుండా, బిగించకుండా, ఊపిరితో పాటు సాగే నెమ్మదైన కదలిక. యోగా గురువులను నేను కోరేదల్లా ఒకటే, వీరిచేత ఆసనం పట్టించి లెక్కపెట్టవద్దు. ఊపిరి తీస్తూ చేయి లేపించండి, వదులుతూ దించించండి, సూర్య నమస్కారాలు పన్నెండు చేయించే తొందర మానండి.

తెల్లవారుజామున నడవాలన్న నియమం కూడా వీరి విషయంలో సడలించాలి. నిద్ర లేచాక ఒకటి రెండు గంటలు వీరికి ఒళ్ళు కొయ్యబారినట్టు ఉంటుంది. ఆ బిగుతు వదిలాక పది, పదకొండు గంటల వేళ చేస్తే నొప్పి తక్కువ. విజయవాడ ఎండలో మే నెలలో ఆ వేళకు బయటికి వెళ్ళమని నేను చెప్పను, హాలులో ఫ్యాను కింద అటూ ఇటూ నడిచినా నడకే. వరండా ఉంటే మరీ మంచిది. నిద్ర సరిగా పట్టని రాత్రి తర్వాత మోతాదు సగం చెయ్యాలి; గాఢనిద్రను చెడగొడితే ఆరోగ్యవంతులకు కూడా ఒళ్ళు నొప్పులు వస్తాయని కెనడాలో హార్వే మోల్డోఫ్‌స్కీ 1975లోనే చూపించారు.

మాత్రల గురించి అడుగుతారు కనుక క్లుప్తంగా చెబుతాను, రాసే అధికారం డాక్టరుగారిదే. వ్యాయామానికి ముందు రోజూ నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మంచిది కాదు. వాపు తగ్గించే నొప్పి మాత్రలు ఈ జబ్బులో పెద్దగా పనిచెయ్యవు, కడుపుకూ కిడ్నీలకూ మాత్రం హాని చేస్తాయి. స్టెరాయిడ్లు అసలే పనికిరావు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్ వంటి మందులు కొందరికి నొప్పినీ నిద్రనూ మెరుగుపరుస్తాయి. ఆ మెరుగుదల వచ్చిన వారాల్లోనే వ్యాయామం మొదలుపెడితే కుదురుకోవడం సులువు. "ఇది డిప్రెషన్ మాత్ర కదా, నాకెందుకు రాశారు?" అని మందుల షాపులో చీటీ చూపించి మానేసినవారు నా దగ్గరికి చాలామంది వచ్చారు. ఆ మందు నొప్పి దారుల మీద కూడా పనిచేస్తుందని వారికి ఎవరూ చెప్పలేదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొన్నాళ్ళకోసారి నొప్పులు విజృంభిస్తాయి. జ్వరమో, పెళ్ళి ప్రయాణమో, ఇంట్లో దిగులో కారణం కావచ్చు, ఏ కారణమూ దొరక్కపోవచ్చు కూడా. అప్పుడు పూర్తిగా మంచానపడటం, మొండికేసి పాత మోతాదే చేయడం రెండూ నష్టమే. నడక సగానికో మూడోవంతుకో తగ్గించి, బలం పెంచే వ్యాయామాలు ఆపి, కూర్చుని చేసే కదలికలు మాత్రం కొనసాగించాలి. తగ్గాక పాత మోతాదుకు ఒక్కసారిగా దూకకుండా, వారం రెండు వారాల్లో మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఇంట్లోవాళ్ళు చేయగలిగిన సాయం ఇక్కడే ఉంది. "ఈ రోజు నడవలేదేం?" అని నిలదీసే బదులు ఆ వారం బట్టలు పిండటం, నీళ్ళు మోయడం వారు అందుకుంటే, ఆవిడ దగ్గర మిగిలిన కాస్త ఓపిక నడకకు దక్కుతుంది. ఈ మాట మగవారికి చెబుతున్నాను, ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవారిలో స్త్రీలే ఎక్కువ. అయితే మగవారికీ వస్తుంది, వచ్చినవారు చెప్పుకోవడానికి మరింత సంకోచిస్తారు.

ద్వారం దగ్గర బల్ల మీద టెన్స్ యంత్రం ఒకటి ఉంచాను. పేస్‌మేకర్ లాంటి అడ్డంకులు లేనివారు ముంజేతి మీద పెట్టించుకుని, ఎంత బలంగా ఉంటే సరైనదో స్వయంగా చూడవచ్చు. మొదటి వారం నోటుపుస్తకం ఎలా రాయాలో చూపే నమూనా కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.